కుండ అడుగు కడగొద్దు

పరీక్ష చేసి సంతకం పెట్టడమే నా ఉద్యోగం. పాతికేళ్ళ పైచిలుకు చక్కెర ఫ్యాక్టరీలో, ఆ తర్వాత కొన్నాళ్ళు అక్కడా ఇక్కడా, చివరికి కళింగపట్నం దగ్గర రొయ్యల చెరువుల మీద. ల్యాబ్ కెమిస్టుగా చేరాను, ల్యాబ్ కెమిస్టుగానే దిగిపోయాను. మధ్యలో ఏ కుర్చీ ఎప్పుడు మారిందో రాయడం మొదలుపెడితే నాకే నిద్ర వస్తుంది, ఇక మీ సంగతి చెప్పక్కర్లేదు.

ల్యాబుల్లో కొత్తగా చేరిన పిల్లలు కనిపించినప్పుడు, "ఈ పనిలో అసలు నేర్చుకోవలసింది ఏమిటి సార్?" అని అడుగుతుంటారు. యంత్రాలు ఎలా వాడాలో వాళ్ళకి నాకన్నా బాగా తెలుసు. అందుకని వాటి జోలికి పోకుండా, నాకు పని నేర్పిన ఇద్దరు పై అధికారుల గురించి, ఒక డ్రమ్ము గురించి, ఒక కుండ గురించి రాస్తున్నాను. కుండ మా ఇంటిది. ఉద్యోగానికీ దానికీ సంబంధం ఏమిటని మీరు అనుకుంటే తప్పు లేదు, నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను.

పగలు ఒక పని, సాయంత్రం ఇంకో పని

మాది చీపురుపల్లి దగ్గర పల్లె. వరి కొంచెం, చోళ్ళు ఎక్కువగా పండే ఇల్లు. చోళ్ళంటే రాగులు. చోడి అంబలి తాగకుండా పొలానికి వెళ్ళినవాణ్ణి చిన్నప్పుడు నేను చూడలేదు. అమ్మ వంటింటి మూలలో ఒక అంబలి కుండ ఉండేది. చోడిపిండి కాచి, చల్లార్చి సాయంత్రం అందులో పోస్తే పొద్దుటికి పులుస్తుంది. అందరూ తాగాక అడుగున గరిటెడు వదిలేయాలి. కుండ బయట ఎంత తోముకున్నా ఫరవాలేదు, అడుగు మాత్రం కడగకూడదు. మర్నాటి అంబలికి ఆ గరిటెడే తోడు.

నాకు పెళ్ళయి వేరు కాపురం పెట్టినప్పుడు అమ్మ ఒక చిన్న కుండలో ఆ పులుపు పోసి ఇచ్చింది. "మీ నాయినమ్మ కాడ్నించి నాకొచ్చినాది. నువ్వు సంపీకు," అంది. కొన్నేళ్ళకి అమ్మ పోయింది. ఆవిడ చేతిది అంటూ నా దగ్గర మిగిలింది ఆ పులుపే. రోజూ పొద్దున్న ఒక గ్లాసు తాగి డ్యూటీకి వెళ్ళేవాణ్ణి.

పులియబెట్టే సరదా నాకు అక్కడ అంటుకుంది. చక్కెర ఫ్యాక్టరీకి వేసవిలో చెరకు రాదు కాబట్టి ఆ నెలల్లో తీరిక ఎక్కువ. అల్లం దంచి బెల్లం నీళ్ళలో నానేసి గోలీసోడా సీసాల్లో పట్టడం, పలాస నుంచి ఎవరైనా వస్తుంటే జీడిమామిడి పళ్ళు తెప్పించుకుని రసం తీసి పులియబెట్టడం, నేరేడుపళ్ళ కాలంలో చొక్కాలన్నీ ఊదారంగు చేసుకోవడం. మా ఆవిడ రాజ్యం మొదట్లో విసుక్కునేది, తర్వాత నవ్వుకునేది. "ఇంట్లో నీడున్న సోటల్లా కుండలకే ఇచ్చీసినారు. నన్ను ఎండలో కూకోబెట్టినా ఆశ్చర్యం నేదు," అనేది చుట్టాలతో.

ఇందులో తమాషా ఏమిటంటే, చక్కెర ఫ్యాక్టరీలో కెమిస్టుకి మొదటి శత్రువు పులుపే. చెరకు రసం ఎక్కడ కాస్త నిలవున్నా పులుస్తుంది, పులిసిందంతా పంచదార కాకుండా పోతుంది. కాలవలు కడిగించడం, బ్లీచింగ్ కొట్టించడం, మూలమూలా వాసన చూడడం నా పని. పగలంతా పులుపుని చంపేవాణ్ణి, సాయంత్రం ఇంటికొచ్చి పెంచేవాణ్ణి. రెండింట్లోనూ మంచి పేరే ఉండేది.

మీటరు కన్నా ముందు ముక్కు

నాకు పని నేర్పిన మొదటి పై అధికారి రంగనాథం గారు, మా చీఫ్ కెమిస్టు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరిమీదో కోపంగా ఉన్నట్టు కనిపించేవారు. నిజానికి ఆయనకి కోపం ఒకే ఒక్క విషయం మీద. గాజు సీసాలో పోసిన దాన్ని చూసి, అది ఎక్కణ్ణించి వచ్చిందో చూడనివాళ్ళంటే ఆయనకి పడదు.

ఒక సీజన్‌లో రసంలో చక్కెర శాతం రోజురోజుకీ తగ్గుతోంది. మేం కుర్ర కెమిస్టులం ముగ్గురం పరీక్ష చేసిందే చేసి, మీటరు మార్చి మళ్ళీ చేసి, చివరికి చెరకు రైతుల మీదికి నెట్టేశాం. రంగనాథం గారు మా కాగితాలు చూడలేదు. చెప్పులు విప్పి, పంచె ఎగ్గట్టి, రసం కాలవ వెంబడి ఆ చివర్నుంచి ఈ చివరికి ముక్కు దించుకుని నడిచారు. ఒక మలుపు దగ్గర ఆగి, "ఇక్కడ పలక ఎత్తండి," అన్నారు. పలక కింద పాత రసం నిలవుండి చిక్కగా, జిగురుగా తయారైంది. కొత్తగా వచ్చే రసాన్నంతా అది పాడుచేస్తోంది.

"మీటరు ఎంత ఉందో చెప్తుందోయ్. ఎందుకుందో చెప్పదు. దానికి కాళ్ళు లేవు," అన్నారాయన కాళ్ళు కడుక్కుంటూ.

ఒక వేసవిలో ఆయన మా ఇంటికి వచ్చి నా నేరేడు సరుకు రుచి చూశారు. రెండో గ్లాసు కూడా పుచ్చుకుని, "ఇందులో ఆల్కహాలెంత?" అని అడిగారు. ఇంకా పరీక్ష చెయ్యలేదన్నాను. "చెయ్యకు. కొన్ని పరీక్షలు చెయ్యకపోవడమే కుటుంబానికి క్షేమం," అన్నారు. ఆయన కింద పనిచేసినవాళ్ళెవరూ ఆ తర్వాత ఇంకొకరి కింద పూర్తిగా భయపడలేదు. మంచి అధికారి చేసే మేలు అదే అని నా అభిప్రాయం.

మూత పడ్డాక

రెండు వేల పది దాటిన కొన్నేళ్ళకి మా ఫ్యాక్టరీ మూత పడింది. ఎందుకు పడిందో వందమంది వంద రకాలుగా చెప్తారు, నేను నూట ఒకటోవాణ్ణి కాదలచుకోలేదు. చివరి రోజున అందరూ కలిసి ఫోటో దిగి, స్వీట్లు పంచుకుని, ఏడవలేక నవ్వుకున్నాం. నేను స్వీట్లు తేలేదు. అమ్మ పులుపుని చిన్న చిన్న సీసాల్లో పోసి ఒక్కొక్కరికీ ఒకటి ఇచ్చాను. సగం మంది గేటు దాటగానే పారేసి ఉంటారని నాకు తెలుసు.

మా ల్యాబుకి శాంపిళ్ళు తెచ్చే తవిటినాయుడు సీసా ఎత్తి వెలుగులో చూశాడు. నాకన్నా పదేళ్ళు చిన్నవాడు, వరస లేకపోయినా బావా అనే పిలిచేవాడు. "ఉజ్జోగం పోయినోడికి పులిసిపోయిన అంబలి ఇస్తన్నావేటి బావా. ఇంతకన్నా శకునం ఉంతాదేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. కానీ అతను దాన్ని టిఫిన్ క్యారేజీలో జాగ్రత్తగా పెట్టుకోవడం నేను చూశాను.

యాభై దాటాక ఉద్యోగం వెతకడమంటే ఏమిటో చేస్తేగాని తెలియదు. ఒక మందుల కంపెనీలో మా అమ్మాయి వయసు పిల్ల ఇంటర్వ్యూ చేసింది. "ఐదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు సార్?" అని అడిగింది. రిటైరై ఇంట్లో అన్నాను. నిజమే చెప్పాను గాని ఉద్యోగం రాలేదు. ఒక మంచినీళ్ళ ప్లాంటులో చేరాను. ఆ యజమాని పరీక్ష చెయ్యని నీళ్ళకి సంతకం పెట్టమన్నాడు. చేతిలో ఇంకో ఉద్యోగం లేకుండానే మానేశాను. ఇందులో గొప్పేం లేదు. పిల్లలూ, మన పనిలో అమ్ముకోవడానికి ఉన్నది సంతకం ఒక్కటే, దాన్ని ఒకసారి అమ్మితే మళ్ళీ సరుకుండదు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చున్నాను. ఊరికే కూర్చోలేక ఇంట్లో ఉన్న ప్రతి పండునీ పులియబెట్టాను. ఆఖరికి రాజ్యం చింతపండు డబ్బా దాచేసింది. "మీకు పని దొరక్కపోతే మన కొంపంతా పులిసిపోతాది," అంది. అప్పుడు నవ్వాను గాని, పొద్దున్నే లేచి వెళ్ళడానికి చోటు లేకపోవడం నన్ను లోపల్లోపల తినేస్తూ ఉండేది.

గున్నయ్య డ్రమ్ము

చివరికి రొయ్యల మేత, మందులు అమ్మే ఒక కంపెనీలో పని దొరికింది. చెరువుల్లో నీళ్ళు పరీక్ష చేసి రైతులకి సలహా చెప్పాలి. మూడు నెలలు చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. కళింగపట్నంలో ఒక గది, వంటిల్లు అద్దెకి తీసుకున్నాం. బస్సులో కుండ ఒళ్ళో పెట్టుకుని వెళ్ళాను. కండక్టరు వంగి చూసి, "కల్లేటి?" అన్నాడు. అంబలి అన్నాను. "మరి అంత బద్రమేటి?" అని టిక్కెట్టు కొట్టాడు.

ఇల్లుగలావిడ పేరు ఎర్రమ్మ. పక్క వాటాలోనే ఉండేది, మా తాళంచెవి ఒకటి ఆవిడ దగ్గర ఉండేది. వాళ్ళది సముద్రం మీద బతికే ఇల్లు. ఆవిడ ఎండుచేపల వ్యాపారం చేసేది. ఊళ్ళో ఎవరికి ఏం కావాలో వాళ్ళకన్నా ముందే తనకి తెలుసుననుకునే మనిషి, చాలాసార్లు నిజంగానే తెలిసేది.

నాకు పని నేర్పిన రెండో పై అధికారి కిరణ్. భీమవరం వైపు కుర్రాడు, నాకన్నా ఇరవయ్యేళ్ళు చిన్న. కష్టపడేవాడు, అబద్ధం చెప్పేవాడు కాదు. అతని నమ్మకమల్లా ఒకటే, రొయ్యలకి వచ్చే రోగాలన్నీ మురికి వల్లే వస్తాయని. అందుకని చెరువు గట్టు మీదికి వచ్చే ప్రతి వస్తువునీ బ్లీచింగ్ నీళ్ళతో కడగాలని రూలు పెట్టాడు. వలలు, బకెట్లు, చెప్పులు, ఆఖరికి మా మోటారు సైకిళ్ళ చక్రాలు కూడా. పాతికేళ్ళు బ్లీచింగ్ కొట్టించినవాణ్ణి కదా, నాకా రూలు ఎంతో నచ్చింది.

నాకు అప్పజెప్పిన చెరువుల్లో ఒకటి గున్నయ్యది. చేపల వేట మానేసి చెరువు కౌలుకి తీసుకున్న మనిషి. అంతకుముందు పంట రోగమొచ్చి పోయింది. మొదటి రోజే నన్ను ఎగాదిగా చూశాడు.

"మొన్నటి దాకా పంచదార సూసినోరంట గదా. రొయ్యల మాట మీకేటి తెలుస్తాది?"

"తెలీదు గున్నయ్యా. నేర్చుకుంటాను."

"అయితే ఫర్నేదు. తెలుసునన్నోల్లే మమ్మల్ని ముంచీసినారు," అని కొబ్బరిబొండం కొట్టి ఇచ్చాడు. తర్వాత మెల్లిగా అసలు మాట చెప్పాడు. "ఈ పంట గాని పోయిందంటే నాను గుజరాతు బోట్ల మీదికి కూలికి ఎల్లిపోవాల. మా తమ్ముడు ఎల్లినాడు. ఏడాదికోపాలి వస్తాడు. ఆడి కూతురు ఆడిని సూసి దాక్కుంతాది."

రొయ్యల రైతులు తవుడు, బెల్లం, ఈస్టు, కంపెనీ ఇచ్చే మంచి సూక్ష్మజీవుల పొడి ప్యాకెట్టు నీళ్ళల్లో కలిపి డ్రమ్ములో రెండు రోజులు పులియబెడతారు. దాన్ని జ్యూస్ అంటారు. చెరువులో చల్లితే అడుగున బురద కుళ్ళకుండా కాపాడుతుంది. బాగా కుదిరిన జ్యూస్ లేత కల్లు వాసన వేస్తుంది. మొదటిసారి ఆ వాసన చూసినప్పుడు నాకు పుట్టింటికి వచ్చినట్టనిపించింది. ఇన్నాళ్ళూ ఇంట్లో సరదాకి చేసిన పనికి ఇక్కడ జీతం ఇస్తున్నారు కదా అని సంబరపడ్డాను.

గున్నయ్య డ్రమ్ము మాత్రం ఎన్నిసార్లు పెట్టినా కుళ్ళిన గుడ్డు కంపు కొట్టేది. బెల్లం మార్చాం, తవుడు మార్చాం, నీళ్ళు మార్చాం. డ్రమ్ము చూస్తే అద్దంలా ఉండేది. "ఎంత సుబ్బరంగా కడిగించినానో సూడండి," అనేవాడు గున్నయ్య. చూసి మెచ్చుకునేవాణ్ణి. ఇటు చెరువు అడుగున బురద నల్లబడడం మొదలైంది. రొయ్యలు మేత తినడం తగ్గించాయి. ప్యాకెట్టు నకిలీదని గున్నయ్య, ప్యాకెట్టు ఎండలో పెట్టారని కంపెనీ, సలహా చెప్పేవాడికి పని రాదని మిగతా రైతులు.

కిరణ్ ఒక సాయంత్రం నన్ను కూర్చోబెట్టాడు. "సార్, ఇంకో డ్రమ్ము పాడైతే గున్నయ్య వేరే కంపెనీకి వెళ్ళిపోతాడు. అతని వెనకే మిగతావాళ్ళూ పోతారు. అప్పుడు మిమ్మల్ని ఉంచమని పైవాళ్ళని నేను అడగలేను," అన్నాడు. చెప్పడానికి అతను ఇబ్బంది పడుతున్నాడు. నాకు మాత్రం మళ్ళీ ఇంట్లో కూర్చోవలసిన పగళ్ళు కళ్ళముందు కనపడ్డాయి.

గ్రహణం

ఆ వారంలోనే చంద్రగ్రహణం వచ్చింది. రాజ్యం పుట్టింట్లో ఉంది. గ్రహణం రోజున మా అమ్మ నిలవున్న ప్రతి దాని మీదా దర్భపోచ వేసేది, రాజ్యమూ వేసేది. నేను వెయ్యలేదు. కెమిస్టుని కదా, చంద్రుడికీ నా కుండకీ ఏం సంబంధం అనుకున్నాను.

మర్నాడు చెరువుల మీంచి ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో నా కుండ బోర్లించి ఉంది. బూడిదతో, కొబ్బరిపీచుతో తోమి, ఎండబెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి ఉంది. పెళ్ళికుండలా కళకళలాడుతోంది.

ఎర్రమ్మ ఎదురొచ్చింది. "గ్రేనం పట్టిన కుండ బాబూ. పోస కూడా ఏయనేదు మీరు. ఆడకూతురు ఇంట్లో నేదు, మీకేటి తెలుస్తాదిలే అని మా అంబలితో పాటు మీదీ పారబోసి, అడుగంటా తోమీసినాను. ఎంత పాసి పట్టీసిందో," అంది. ఆవిడ ముఖంలో ఎంత సంతోషమో. చేతులకి ఇంకా బూడిద ఉంది.

మా నాయనమ్మ నుంచి వచ్చింది పోయింది. అమ్మ పోయిన రోజు గుర్తొచ్చింది. అయినా ఎవరిని అనగలను? పరాయి మగవాడి కుండ కూర్చుని తోమిన మనిషిని పట్టుకుని కోప్పడతానా? "చాలా బాగా తోమేవు ఎర్రమ్మా," అన్నాను. కుండ లోపలికి తీసుకెళ్ళి ముక్కు పెట్టి చూశాను. ఏ వాసనా లేదు.

అలా చూస్తూ ఉండగానే గున్నయ్య డ్రమ్ము గుర్తొచ్చింది. అద్దంలాంటి డ్రమ్ము. అంత శుభ్రంగా దేనితో కడిగించాడని నేను ఒక్కసారి కూడా అడగలేదు. అడగక్కర్లేదు, మా రూలే కదా. జ్యూస్ పెట్టే ప్రతిసారీ డ్రమ్ము లోపల బ్లీచింగ్ కొట్టి, ఒక బకెట్టు నీళ్ళతో తొలిపి, అందులోనే ప్రాణమున్న పొడి పోస్తున్నారు. పోసింది పోసినట్టే చస్తోంది, ఆ బెల్లం నీళ్ళలో ఊళ్ళో ఉన్న కుళ్ళంతా చేరుతోంది. నా ముక్కు చక్కెర ఫ్యాక్టరీలో బ్లీచింగ్ వాసనకి ఎంతగా అలవాటు పడిందంటే, అది ఉన్నచోట అంతా బాగానే ఉందని నాకు చెప్పేది.

చీపురుపల్లి స్టేషను

సంగతి తెలిసింది గాని చెప్పడం ఎలా? రూలు కిరణ్‌ది. మూడు నెలల కోసం వచ్చిన ముసలాయన మాట మీద ఎందుకు మారుస్తాడు? ప్యాకెట్టు పొడితో చేసి చూపిస్తే గొడవ మళ్ళీ ప్యాకెట్టు మీదికే పోతుంది. ప్రాణం ఉందని ఎవరూ అనుమానించని తోడు కావాలి. నా దగ్గరున్నది పోయింది, వీధంతా గ్రహణానికి పారబోసింది.

ఆదివారం శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో ప్యాసింజరు ఎక్కి చీపురుపల్లిలో దిగాను. తవిటినాయుడు ఫ్యాక్టరీ మూసేశాక స్టేషను బయట అంబలి అమ్ముతున్నాడని విన్నాను గాని, వెళ్ళి చూడలేదు. పనిపోయినవాళ్ళం ఒకరి ముఖం ఒకరు చూసుకోవడానికి మొహమాటపడతాం. చింతచెట్టు కింద బల్ల, దాని మీద రెండు పెద్ద కుండలు, పక్కన ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు. చుట్టూ ఆటోవాళ్ళు, సంతకి వచ్చినవాళ్ళు.

"బావా," అని లేచాడు. "ఇన్నాల్లకి దారి తెలిసిందేటి? కూకో." గ్లాసు చేతికిచ్చాడు. ఒక గుక్క తాగాను. మా వంటింటి రుచి. నేను ఏమీ అడక్కుండానే, "నువ్విచ్చిన సీసాయే. దాన్నించే ఇదంతా," అన్నాడు.

"మొన్న గ్రహణానికి పారబొయ్యలేదా?"

"పారబోసేత్తే పొద్దున్న ఈల్లందరికీ ఏటి పొయ్యాల? దర్భపోస ఏసీసినాను. గ్రేనానికీ బయిపడతాను, ఆకలికీ బయిపడతాను నాను."

జరిగింది చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వాడు. తర్వాత చెంబు నిండా పులుపు పోసి, గుడ్డ కట్టి చేతికిస్తూ నవ్వు ఆపాడు. "నీ ఉజ్జోగం నిలబడతాది బావా. నాది దీనిమీదే నిలబడినాది," అన్నాడు. రైల్లో ఆ చెంబు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, ఎదుటావిడ నా కళ్ళు చూసి ఏమైందని అడిగింది. ఉల్లిపాయ తిన్నానని చెప్పాను.

రెండు కుండలు

సోమవారం ఆఫీసులో కిరణ్ బల్ల మీద రెండు కొత్త కుండలు పెట్టాను. అతని ఎదురుగానే ఒకదాన్ని రూలు ప్రకారం బ్లీచింగ్‌తో కడిగి, గున్నయ్య పనివాళ్ళు తొలిపినట్టే ఒకసారి తొలిపాను. రెండోదాన్ని వేణ్ణీళ్ళతో కడిగాను. రెండింట్లోనూ ఒకే చోడి జావ, ఒకే చెంబులోంచి ఒక్కొక్క గరిటె తోడు.

"ఇదేంటండీ, ఆఫీసులో వంటా?" అన్నాడు.

"పరీక్షే సార్. మీటరు అక్కర్లేనిది."

మర్నాడు పొద్దున్న గున్నయ్యని కూడా పిలిచాను. వేణ్ణీళ్ళ కుండ చిన్న చిన్న బుడగలతో పొంగి కమ్మగా పులిసింది. బ్లీచింగ్ కుండలో జావ పోసింది పోసినట్టే, చప్పగా, అదోరకం వాసనతో పడి ఉంది. కిరణ్ రెండూ వాసన చూశాడు. మళ్ళీ చూశాడు. కుండలు రెండూ కిటికీ దగ్గరికి జరిపి లోపలికి తొంగి చూశాడు. ఆ కాసేపట్లో నా ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను.

"ఈ రూలు నేనే రాసి పైకి పంపానండీ. మెచ్చుకున్నారు కూడా," అన్నాడు చివరికి. తర్వాత గున్నయ్య వైపు తిరిగి, "తప్పు మాదే గున్నయ్యా. మీ డ్రమ్ముదీ కాదు, ఈయనదీ కాదు," అన్నాడు. రైతు ముందు, తన కింద పనిచేసేవాడి ముందు ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో, ఎంతోమంది అధికారుల కింద పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. రంగనాథం గారు నాకు ముక్కు వాడడం నేర్పారు. తప్పు ఒప్పుకోవడం ఈ కుర్రాడు నేర్పాడు.

వలలకీ బకెట్లకీ చెప్పులకీ బ్లీచింగ్ ఉంచాం. డ్రమ్ము లోపల మాత్రం వేణ్ణీళ్ళు, ఎండ. గున్నయ్య కొత్త డ్రమ్ము తెచ్చాడు. రెండో రోజున మూత తీసి, "సారూ, కల్లు వాసనొస్తన్నాది. తాగీమంతారేటి?" అన్నాడు. బురద నలుపు తగ్గింది, రొయ్యలు మేతకి వచ్చాయి. పంట చేతికొచ్చింది. జ్యూస్ ఒక్కదాని వల్లే వచ్చిందని నేను సంతకం పెట్టను, ఆ నెల ఎండలు కూడా బాగా కలిసొచ్చాయి. కానీ గున్నయ్య గుజరాతు మాట మళ్ళీ ఎత్తలేదు. నా మూడు నెలలు ఎప్పుడు దాటాయో కిరణ్ చూసుకోలేదు, నేనూ గుర్తు చెయ్యలేదు.

పిల్లలకి నేను చెప్పేది ఇంతే. శుభ్రం మంచిదే. కానీ ఏది చావాలో, ఏది బతకాలో తెలియకుండా కడగడం పనివాడి లక్షణం కాదు. ఉద్యోగం మారినప్పుడూ అంతే. పాత చోట నేర్చుకున్నదంతా పట్టుకుని వెళ్తే కొత్త చోట నేను చేసినట్టు తప్పు వాసనకి మురిసిపోతారు, అంతా కడిగేసుకుని వెళ్తే తోడే ఉండదు. ఎంత వదలాలి అంటే నాకు తెలిసిన కొలత గరిటెడు.

ఇంకో గిన్నె

ఆ దశకం చివర్లో నేను రిటైరయ్యే నెలలోనే కిరణ్‌కి నెల్లూరు వైపు వేరే ఉద్యోగం వచ్చింది. వెళ్ళే ముందు భోజనానికి పిలిచాం. కొత్త చోటు అంటే అతనికి బెదురుగా ఉంది, పైకి చెప్పుకోలేకపోతున్నాడు. భోజనమయ్యాక బ్యాగులోంచి తళతళలాడే స్టీలు డబ్బా తీసి, "సార్, నాకూ కాస్త తోడు ఇస్తారా? అక్కడ మొదలుపెట్టుకుంటాను," అన్నాడు.

నాకు ఎంత ఆనందం వేసిందో చెప్పలేను. కుండ దగ్గరికి తీసుకెళ్ళి, గరిటె ముంచి, డబ్బా మూత తీశాను. ముక్కు అలవాటుగా ముందుకి వెళ్ళింది. ఆగిపోయాను. డబ్బా అతనికే ఇచ్చాను. అతనూ వాసన చూసి, నా ముఖం చూసి, నాలుక కరుచుకున్నాడు.

"పొద్దున్నే కడిగానండీ. మీకిచ్చే డబ్బా కదా అని."

"బ్లీచింగా?"

"చెయ్యి దానికే పోయింది సార్."

రాజ్యం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనూ కిరణూ నవ్వలేక ఆయాసపడుతున్నాం. ఎర్రమ్మ తన వంటింట్లోంచి అంతా వింటూనే ఉంది. గ్రహణానికి తోమేసింది ఏమిటో తెలిశాక ఆవిడ వారం రోజులు నాకు ఎదురుపడలేదు, తర్వాత నా దగ్గరే తోడు పుచ్చుకుని తన అంబలి మళ్ళీ మొదలుపెట్టింది. ఇప్పుడు చేతిలో మూత పెట్టిన గిన్నెతో గుమ్మంలోకి వచ్చి, కిరణ్ చేతిలో పెట్టింది.

"ఇది పట్టుకెల్లు బాబూ. అడుగు నాను తోమనేదు."